నల్లగొండ, పాలమూరు వైపు ఇల్లు మారేటప్పుడు ఫోను, నెట్ కనెక్షన్ మార్పించుకోవడం ఎలా

కిరాయి ఇల్లు చూడబోయినప్పుడు అందరం అడిగేవి అవే ప్రశ్నలు. బోరుందా, భగీరథ నల్లా ఎన్ని గంటలకు వస్తుంది, బండి పెట్టుకునే జాగా ఉందా, అడ్వాన్సు ఎన్ని నెలలది. ఇంటర్నెట్ సంగతి మాత్రం పాలు పొంగించి, సామాను దించి, టీవీ గోడకు తగిలించాక గుర్తొస్తుంది. అప్పుడు కంపెనీకి ఫోన్ చేస్తే "మీ ఏరియాలో ఫీజిబిలిటీ లేదు సార్" అంటారు, అంటే అక్కడికి లైను ఇవ్వలేమని. ఆ మాట అడ్వాన్సు ఇవ్వకముందు వినిఉంటే ఇంకో ఇల్లు చూసుకునేవాళ్లం, లేదా ఓనర్‌తో కిరాయి దగ్గర బేరమైనా ఆడేవాళ్లం.

హైదరాబాద్‌లో ఒక్కో అపార్ట్‌మెంట్‌కు నాలుగైదు కంపెనీల తీగలు వస్తాయి కాబట్టి అక్కడ ఈ తిప్పలు తక్కువ. మన ఊళ్లలో లెక్క వేరు. పేరుకు కనెక్షన్ ఇచ్చేది కంపెనీ, కానీ మన గల్లీ స్తంభం మీద తీగ లాగి, అది తెగితే నిచ్చెన పట్టుకుని వచ్చేది స్థానిక ఆపరేటర్. కాబట్టి మార్పిడి పని కస్టమర్ కేర్‌తో కాకుండా స్తంభం దగ్గర మొదలుపెట్టాలి.

అడ్వాన్సు ఇచ్చే ముందు

ఇల్లు నచ్చాక ఒకసారి బయటికి వచ్చి దగ్గర్లోని కరెంటు స్తంభం చూడండి. సన్నని నల్ల తీగలు చుట్టలు చుట్టి వేలాడుతుంటాయి. వాటి నడుమ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటే అది స్ప్లిటర్ బాక్సు. మెయిన్ ఫైబర్ లైనులో నెట్‌ను మోసుకొచ్చే వెలుగును ఎనిమిది ఇళ్లకో పదహారు ఇళ్లకో పంచేది అదే. చాలా డబ్బాల మీద ఆపరేటర్ పేరో ఫోన్ నంబరో మార్కర్‌తో రాసి ఉంటుంది. ఆ నంబరుకు నేరుగా ఫోన్ చేసి రెండు మాటలు అడగండి. బాక్సులో ఖాళీ పోర్టు, అంటే ఇంకో తీగ తగిలించే జాగా ఉందా? ఇక్కడినుంచి ఇంటికి తీగ లాగాలంటే అదనంగా ఎంతవుతుంది? డబ్బా ఉన్నంత మాత్రాన కనెక్షన్ వస్తుందనుకోవద్దు, పోర్టులు నిండి ఉండొచ్చు.

యాప్‌లో పిన్‌కోడ్ కొడితే వచ్చే పచ్చ గుర్తును నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి. నల్లగొండలో 508001 అన్నా, మహబూబ్‌నగర్‌లో 509001 అన్నా ఊళ్లో చాలా భాగానికి అదే పిన్. గడియారం సెంటర్‌లో లైను ఉంటే ఊరి చివర కొత్త వెంచర్‌లో కూడా ఉన్నట్టే చూపించొచ్చు. తీరా అడిగితే "అన్నా, మెయిన్ రోడ్డు దాంక వచ్చింది మా లైను. మీ గల్లీల ఇంకా నలుగురు అడిగితే గుంజుతం" అంటాడు లైన్‌మ్యాన్. హైదరాబాద్ రోడ్డు వెంట లేచిన కొత్త కాలనీల్లో ఇది మామూలే. ఆ నలుగురిని మీరే పోగుచేయగలిగితే పని త్వరగా అవుతుంది. కొత్త కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి చూడండి.

పక్కింటివాళ్లను "మీది ఎవరి నెట్?" అని అడిగి ఊరుకోవద్దు. "గాలిదుమారం వస్తే ఎన్ని రోజులు పోతది? ఫోన్ చేస్తే మనిషి ఎప్పుడొస్తడు?" అని కూడా అడగండి. మే నెల ఈదురుగాలులకు తీగలు తెగడం, కోతులు వేలాడి జాయింట్లు పీకేయడం మన దగ్గర కొత్త కాదు. ప్లాన్‌లో స్పీడ్ ఎంతని రాసి ఉన్నా, తెగిన తీగ ఎన్నాళ్లకు అతుకుతారన్నదే అసలు లెక్క. నన్నడిగితే, ఏ కంపెనీ తీసుకోవాలో ఈ ఒక్క జవాబును బట్టి తేల్చుకుంటాను.

ఓనర్‌తో కూడా ముందే మాట్లాడాలి. గోడకు రంధ్రం వేయనిస్తారా, తీగ డాబా మీదుగా రావాలా, కిటికీ సందులోంచి రావాలా? కొత్తగా రంగులేసిన ఇల్లయితే ఈ సంగతి మీదే మాటామాటా పెరుగుతుంది. ఇంతకుముందున్న కిరాయిదారు వాడిన తీగ గోడకు వేలాడుతూ ఉంటే దాన్ని కోయనివ్వకండి. అది మీ కంపెనీదే అయితే మళ్లీ అదే వాడుకోవచ్చు, కొత్త రంధ్రం పని తప్పుతుంది.

మీది ఏ రకం కనెక్షన్?

షిఫ్టింగ్ పద్ధతి దీన్నిబట్టే ఉంటుంది.

బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్, ఫైబర్ ఉన్నవాళ్లు షిఫ్టింగ్‌కు దరఖాస్తు పెట్టాలి. ఊళ్లోని కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో కాగితం మీద ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. సెంటర్‌కు వెళ్లడమే మేలని నా అభిప్రాయం. అక్కడ ఏ ప్రాంతం ఏ జేటీవో (జూనియర్ టెలికాం ఆఫీసర్) కింద ఉందో, అక్కడ ఫైబర్ ఎవరు నడుపుతున్నారో నోటిమాటగా తెలుస్తుంది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ చాలాచోట్ల ప్రైవేటు భాగస్వాముల ద్వారా నడుస్తోంది. బిల్లు బీఎస్ఎన్ఎల్ పేరుతో వస్తుంది, తీగ లాగడం, రిపేరు చేయడం భాగస్వామి పని. కొత్త ఇల్లు ఇంకో భాగస్వామి పరిధిలోకి వస్తే అదే కనెక్షన్ అయినా మనుషులు మారతారు, ఒక్కోసారి మోడెమ్ కూడా మారుతుంది. అందుకే పాత మోడెమ్ ఎవరి సొత్తు అన్నది ముందు తేల్చుకోండి: మీరు కొన్నదా, బీఎస్ఎన్ఎల్ కిరాయికి ఇచ్చిందా, భాగస్వామిదా. ఇంకా పాత రాగి తీగ మీదే ల్యాండ్‌లైన్ నడుస్తుంటే, కొత్త ఇంటికి మళ్లీ రాగి తీగ వేస్తారని ఆశ పెట్టుకోకండి. ఫైబర్‌కు మారమంటారు. మారడమే మంచిది కూడా.

ఎయిర్‌టెల్, జియో ఫైబర్ వాళ్లకు యాప్‌లోనే చిరునామా మార్పు కోరే వీలుంది. కొత్త చిరునామా, మ్యాప్‌లో ఇంటి గుర్తు, రావాల్సిన తేదీ ఇస్తే వాళ్లు లైను ఉందో లేదో చూసి చెబుతారు. మ్యాప్‌లో గుర్తు పెట్టేటప్పుడు ఇంటి మీదే పెట్టండి. మన ఊళ్లలో ఇంటి నంబర్లు వరసలో ఉండవు, గుర్తు రెండు గల్లీలు అటు పడితే వచ్చిన మనిషి వేరే ఇంటి ముందు నిలబడి "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసుకుని పోతాడు.

లోకల్ కేబుల్ నెట్‌ది ఇంకో కథ. ఊళ్లో ఏరియాలు ఆపరేటర్ల మధ్య పంచుకుని ఉంటాయి. నల్లగొండలో రామగిరి నుంచి రామగిరిలోనే ఇంకో గల్లీకి మారితే ఒక్క ఫోన్‌తో అయిపోతుంది, అదే మనిషి సాయంత్రానికి తీగ లాగేస్తాడు. అదే పానగల్లు వైపు మారితే ఆయన ఏరియా కాదు. మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ నుంచి ఏనుగొండ వైపు మారినా ఇదే తంతు. పైన కంపెనీ ఒక్కటే అయినా ఆపరేటర్ మారితే కొత్త కనెక్షన్ కిందే లెక్క వేయొచ్చు. "మీ దోస్తు ఆపరేటర్‌కు చెప్పి ఐడీ బదిలీ చేయించన్నా" అని అడిగి చూడండి, చాలాసార్లు మాట మీద పని జరుగుతుంది. జరగకపోతే పాతది మూసేసి కొత్తది తీసుకోవడమే.

డాబా మీద పెట్టె బిగించి 5జీ సిగ్నల్‌తో నడిచే ఎయిర్‌ఫైబర్‌కు తీగ గొడవ లేదు. అట్లని పెట్టెను మీరే విప్పుకుని పోయి బిగించుకోకండి. అది టవర్ వైపు తిప్పి సరిచేయాలి, కంపెనీ లెక్కలో చిరునామా కూడా మారాలి. కొత్త ఇంటి దగ్గర సిగ్నల్ లేకపోతే వాళ్లు మార్చరు. ఊరవతల వెంచర్లలో, పొలాల మధ్య కట్టుకున్న ఇళ్లకు మాత్రం ఫైబర్ వచ్చేదాకా ఇదే దిక్కు.

పల్లెకు మారుతున్నవాళ్లు గ్రామ పంచాయతీ ఆఫీసులో ఒకసారి అడగండి. కేంద్ర ప్రభుత్వపు భారత్‌నెట్ ఫైబర్ పంచాయతీదాకా వచ్చి, అక్కడినుంచి ఇళ్లకు ఇచ్చేవాళ్లు ఉండొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్‌ను 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి.

ఒక మాట అందరికీ వర్తిస్తుంది. ఇల్లు వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచి నెట్ రీచార్జి నెలకు మించి చేయకండి. ఆరు నెలలకు, ఏడాదికి కలిపి కడితే రూటర్ ఉచితమని, నెల అదనమని ఆశ చూపిస్తారు. రెండో నెలలో ఇల్లు మారి కొత్తచోట లైను లేకపోతే మిగతా డబ్బు తిరిగి రావడం కష్టం. ఇప్పటికే కట్టి ఉంటే షిఫ్టింగ్ అడిగేటప్పుడు మిగిలిన రోజుల సంగతేంటో మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా అడగండి.

ల్యాండ్‌లైన్ నంబరు ఉంటుందా, పోతుందా?

ఎస్‌టీడీ కోడ్ మారకపోతే నంబరు నిలిచే అవకాశం ఉంది, కోడ్ మారితే నంబరూ మారాల్సిందే. నల్లగొండది 08682, మిర్యాలగూడది 08689, సూర్యాపేటది 08684, దేవరకొండది 08691. అటు మహబూబ్‌నగర్‌ది 08542, వనపర్తిది 08545, గద్వాలది 08546, నాగర్‌కర్నూలుది 08540. 2016లో జిల్లాలు విడిపోయినా ఈ కోడ్‌లు విడిపోలేదు, జిల్లా గీతలకూ వీటికీ సంబంధం లేదు. కాబట్టి నల్లగొండలో గల్లీ మారితే నంబరు అట్లాగే అడగండి, మిర్యాలగూడకు బదిలీ అయితే కొత్త నంబరుకు సిద్ధపడండి. ఊళ్లోనే మారినా నంబరు తప్పకుండా ఇస్తారనుకోకుండా దరఖాస్తులోనే "పాత నంబరే కావాలి" అని రాయండి. ల్యాండ్‌లైన్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి తీసుకెళ్లే వీలు మన దేశంలో లేదు. ఆ సౌకర్యం మొబైల్‌కే.

నంబరు మారేట్టుంటే అది ఎక్కడెక్కడ ఇచ్చారో రాసుకోండి. దుకాణం బోర్డు, విజిటింగ్ కార్డు, డాక్టరు క్లినిక్ చీటీ, స్కూలు డైరీ, గ్యాస్ ఏజెన్సీ. దుకాణదారులకు నా సలహా, బోర్డు మీద ఎప్పుడైనా మొబైల్ నంబరే పెద్దగా రాయించుకోండి.

ఫైబర్‌కు మారుతున్న పెద్దవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. పాత రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే తీగలో వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబర్‌లో అట్లా కాదు. ఫోను మోడెమ్‌కు తగిలించి ఉంటుంది, మోడెమ్ ఆగితే ఫోనూ మూగబోతుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ల్యాండ్‌లైన్‌నే నమ్ముకుంటే మోడెమ్‌కు బ్యాటరీ పెట్టించడం తప్పనిసరి.

మొబైల్ నంబరుకు ఏం చేయాలి?

దాదాపు ఏమీ అక్కర్లేదు. 2014లో రాష్ట్రం విడిపోయినా మొబైల్ సర్కిల్ (కంపెనీల సేవా ప్రాంతం) లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒక్కటే. గద్వాల నుంచి కర్నూలుకు మారినా సర్కిల్ మారదు. నారాయణపేట నుంచి రాయచూరుకు పోతే కర్ణాటక సర్కిల్ అవుతుంది, అయినా అదే సిమ్ హాయిగా నడుస్తుంది. పోస్ట్‌పెయిడ్ వాళ్లు బిల్లు చిరునామా మార్చుకుంటే చాలు.

చూడాల్సింది సిగ్నల్ ఒక్కటే. ఇల్లు చూడటానికి పోయినప్పుడు వాకిట్లో నిలబడి నాలుగు గీతలు చూసి మురిసిపోకండి. లోపలి గదిలోకి, వంటింట్లోకి పోయి తలుపు వేసి ఒక కాల్ చేయండి. వెంట ఇంకో కంపెనీ సిమ్ ఉన్నవాళ్లను తీసుకెళ్తే రెండూ ఒకేసారి తేలిపోతాయి. లోపల సిగ్నల్ లేకున్నా ఇంట్లో వైఫై ఉంటే, ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసి గట్టెక్కవచ్చు. మీ ఫోనుకు, మీ కంపెనీకి ఆ సౌకర్యం ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి.

ఎటూ కుదరదంటే నంబరు ఉంచుకుని కంపెనీ మార్చుకోవడమే. మెసేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో పోర్ట్ (PORT) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు రాసి 1900కు పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ తిరిగొస్తుంది. మన సర్కిల్‌లో అది నాలుగు రోజులే చెల్లుతుంది. దాన్నీ ఆధార్‌నూ పట్టుకుని కొత్త కంపెనీ స్టోరుకు పోతే కొత్త సిమ్ ఇస్తారు. అదే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాలు, వేరే సర్కిల్ అయితే ఐదు పనిదినాలు పడుతుంది. కోడ్ రాకపోతే కారణం సాధారణంగా వీటిలో ఒకటి: నంబరు తీసుకుని 90 రోజులు కాలేదు, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంది, లేదా ఈమధ్యే సిమ్ మార్చారు. 2024 జులై 1 నుంచి సిమ్ మార్చిన ఏడు రోజులదాకా పోర్ట్ కోడ్ ఇవ్వడం లేదు. దొంగ సిమ్‌లు తీసి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే ముఠాలకు అడ్డుకట్టగా ఆ నిబంధన తెచ్చారు.

ఇల్లు మారే వారంలో మాత్రం పోర్ట్ పెట్టకండి. పాత సిమ్ ఆగి కొత్తది లేచే నడుమ కొన్ని గంటలు ఫోను పనిచేయదు. సామాను లారీవాడికి డబ్బు పంపాలన్నా, బ్యాంకు ఓటీపీ రావాలన్నా ఆ నంబరే కావాలి. ఇల్లు సర్దుకున్నాక తీరిగ్గా చేసుకోవచ్చు.

తేదీ ఎప్పుడు పెట్టుకోవాలి

ముహూర్తం మన చేతిలో ఉండదు గానీ దరఖాస్తు తేదీ ఉంటుంది. మారడానికి పది, పదిహేను రోజుల ముందే షిఫ్టింగ్ పెట్టండి. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు, శ్రావణం రాగానే అందరూ ఒకేసారి కదులుతారు. వేసవి సెలవుల చివర్లో, ఉద్యోగుల బదిలీలప్పుడూ అంతే. ఆపరేటర్ దగ్గర తీగ లాగే కుర్రాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఆ రోజుల్లో వాళ్లు దొరకరు.

వీలైతే పాలు పొంగించే రోజే టెక్నీషియన్‌ను రమ్మనండి. చాలామంది మంచిరోజున పాలు పొంగించి, సామాను నాలుగు రోజుల తర్వాత తెచ్చుకుంటారు. ఆ నడుమ ఖాళీ ఇంట్లో తీగ లాగడం, రంధ్రం వేయడం సులువు. బీరువాలు, మంచాలు వచ్చాక మూలకు పోవాల్సిన తీగ కోసం అన్నీ జరపాల్సి వస్తుంది.

కొత్త ఇంట్లో నెట్ నడిచేదాకా పాతది ఆపించకండి. షిఫ్టింగ్ అంటే అదే కనెక్షన్ అటు మారుతుంది కాబట్టి పాతచోట ఆగడం, కొత్తచోట లేవడం వెంటవెంటనే జరగాలి, కానీ నడుమ ఖాళీ వస్తుంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు ఆ రోజులకు మొబైల్ హాట్‌స్పాట్ కోసం డేటా ప్యాక్ ముందే వేసుకోండి. కొత్త ఇల్లు తయారు కాక కొన్ని నెలలు అత్తగారింట్లోనో అన్నగారింట్లోనో ఉండేట్టయితే, కనెక్షన్‌ను మూసేయకుండా తాత్కాలికంగా ఆపి ఉంచే వీలు కొన్ని కంపెనీల్లో ఉంది. సేఫ్ కస్టడీ అని అడగండి, అర్థమవుతుంది.

కాగితాలు

ఆధార్, కొత్త చిరునామా రుజువు, పాత బిల్లు లేదా కస్టమర్ ఐడీ, రిజిస్టరైన మొబైల్ నంబరు. చిరునామాకు కిరాయి ఒప్పందం సరిపోతుంది. అది లేకుంటే ఓనర్ పేరుతో ఉన్న కరెంటు బిల్లు, ఆయన దగ్గర ఒక అంగీకార పత్రం అడుగుతారు. మన రెండు ఉమ్మడి జిల్లాలూ కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్ కిందికే వస్తాయి, బిల్లు మీద కరెంటు కనెక్షన్‌కు ఇచ్చే యూఎస్‌సీ నంబరు కనపడేట్టు ఫొటో తీసి ఉంచుకోండి.

కనెక్షన్ నాన్న పేరుమీదో, పాత ఇంటి ఓనర్ పేరుమీదో ఉంటే ఇక్కడే చిక్కొస్తుంది. ఓటీపీ ఆ మనిషి ఫోనుకే పోతుంది. దరఖాస్తు పెట్టేరోజు ఆయన్ను ఫోన్ దగ్గర పెట్టుకోమనండి, లేదంటే ముందు పేరు మార్పించుకోండి. మీ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైటులో చూడొచ్చు, మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. పనిలో పనిగా అదీ చూసుకోండి.

పాత ఇంట్లో విప్పేటప్పుడు

మోడెమ్ వెనక భాగం ఫొటో తీయండి, ఏ తీగ ఏ రంధ్రంలో ఉందో కనపడేట్టు. అడుగున ఉన్న స్టిక్కర్‌కు ఇంకో ఫొటో, దానిమీద సీరియల్ నంబరు ఉంటుంది. ఫైబర్ తీగ కొసకు పచ్చని చిన్న మూతి ఉంటుంది. దాన్ని మెల్లగా వెనక్కి లాగి, రబ్బరు టోపీ ఉంటే పెట్టండి. ఆ కొసను వేలితో ముట్టొద్దు, నోటితో ఊదొద్దు. లోపల వెలుగు పోయే దారి వెంట్రుక కంటే సన్నం, వేలి జిడ్డు చాలు దాన్ని మూయడానికి. వెలుగుతున్న తీగ కొసను కంటికి దగ్గరగా పెట్టి చూడొద్దు, కంటికి కనపడని లేజరు అది.

మోడెమ్ అడాప్టర్‌ను దానితోనే కట్టి పెట్టండి. సెట్‌టాప్ బాక్సుదీ, సీసీ కెమెరాదీ ఒకే తీరుగా ఉంటాయి, వోల్టులు వేరుగా ఉండొచ్చు. మారిస్తే మోడెమ్ కాలిపోవచ్చు, దాని డబ్బు మీ మీద పడుతుంది.

టెక్నీషియన్ వచ్చిన రోజు

ఈ రోజు మీరు ఇంట్లో ఉండాలి, పిల్లల మీద వదిలేయొద్దు. తీగ ఎటునుంచి రావాలో, మోడెమ్ ఎక్కడ ఉండాలో అప్పుడే తేలిపోతుంది. టెక్నీషియన్‌కు తలుపు పక్కనే బిగించి వెళ్లిపోవడం సులువు. మీకు హాలు నడుమ గోడ కావాలి.

మన పాత ఇళ్లలో రాతి గోడలు మందంగా ఉంటాయి, వాటిలోంచి వైఫై సరిగ్గా పోదు. అట్లాంటి ఇంట్లో మోడెమ్‌ను ఏ మూలనో పెట్టి "నెట్ స్లో" అని తిట్టుకోవడం కంటే, రెండు గదులకూ తలుపులు ఎదురుగా ఉండేచోట, మనిషి తల ఎత్తున పెట్టించండి. కింద పైన రెండంతస్తులుంటే మామూలు ల్యాన్ తీగ ఒకటి పైకి లాగించి అక్కడ ఇంకో రూటర్ పెట్టడమే పరిష్కారం. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ నెమ్మది, 5 గిగాహెర్ట్జ్ వేగం గానీ గోడ దాటితే బాగా తగ్గుతుంది. టీవీకి, ఆఫీసు ల్యాప్‌టాప్‌కు దగ్గరుంటే 5, వెనక గదుల్లో ఫోన్లకు 2.4.

తీగ అతికే పని చూడముచ్చటగా ఉంటుంది. నల్ల తొడుగు ఒలిచి, లోపలి సన్న గాజుపోగును స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడుస్తారు. చిన్న పరికరంలో పెట్టి టక్కున సమంగా కోస్తారు. రెండు కొసలను మిషన్‌లో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తే తెర మీద అవి పెద్దగా కనపడతాయి, ఒక మెరుపు మెరిసి రెండూ కరిగి ఒకటవుతాయి. తుడవకుండా, ఆదరాబాదరాగా అతికితే ఆ జాయింటే తర్వాత నెలనెలా ఇబ్బంది పెడుతుంది. మిషన్ లేకుండా క్లిప్పు మూతి పెట్టి పోతానంటే, "అన్నా, మిషన్ జాయింటే కొట్టు" అని గట్టిగా అడగండి.

అతికాక, తీగలో వెలుగు ఎంత బలంగా వస్తోందో కొలిచే పవర్ మీటర్ పెట్టి అంకె చూపించమనండి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. మైనస్ 25 దాటితే అంచున ఉన్నట్టే, మైనస్ 27 తర్వాత లైను తరచూ పడిపోతుంది. ఆ అంకెను ఫొటో తీసి ఉంచుకోండి. రేపు నెట్ పోయి ఫోన్ చేసినప్పుడు "మా లైను మంచిగనే ఉంది, మీ రూటరే పోయింది" అంటే ఆ ఫొటో పనికొస్తుంది. మోడెమ్ మీద పాన్ (PON) అన్న దీపం ఆడకుండా వెలగాలి, లాస్ (LOS) అన్న దగ్గర ఎర్ర దీపం ఉండకూడదు. ఎర్రగా మినుకుతుంటే వెలుగు లోపలికి రావడం లేదని, తీగ ఎక్కడో తెగిందనో మడత పడిందనో అర్థం.

స్పీడు చూసేటప్పుడు మొదట ల్యాన్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి చూడండి. అక్కడ సరిగ్గా వచ్చి వైఫైలో తగ్గితే అది ఇంటి సమస్య. అక్కడే తగ్గితే కంపెనీ సమస్య, టెక్నీషియన్ మెట్లు దిగకముందే చెప్పండి.

కొత్త మోడెమ్ ఇచ్చినా వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టించండి, పెద్దచిన్న అక్షరాలతో సహా. టీవీ, సీసీ కెమెరా, ప్రింటరు, ఇంటిల్లిపాది ఫోన్లు అడగకుండా వాటంతట అవే కలుస్తాయి. ఈ ఒక్క పనితో సగం రోజు మిగులుతుంది.

కరెంటు కోతల కోసం మోడెమ్‌కు చిన్న యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీది వోల్టులు చూడండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నింటికి 9. ఫైబర్‌లో నడుమ స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు, మీ మోడెమ్‌కూ, అవతల ఆపరేటర్ ఆఫీసులోని మిషన్‌కూ ఉంటే చాలు. కాబట్టి కరెంటు పోయినప్పుడు మీ ఇన్వర్టర్ నడుస్తున్నా నెట్ పోతుంటే, ఆపరేటర్ దగ్గర బ్యాటరీ లేదని పట్టుకోవచ్చు.

పాత లెక్క మూసేయడం

కొత్త కనెక్షన్ తీసుకున్నవాళ్లు పాతదాన్ని రీచార్జి చేయకుండా వదిలేస్తే అదే పోతుందిలే అనుకుంటారు. ప్రీపెయిడ్ అయితే చెల్లుతుంది గానీ పోస్ట్‌పెయిడ్‌లో బిల్లు వస్తూనే ఉంటుంది, తర్వాత వసూలు ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. మూసేయమని రాతపూర్వకంగా పెట్టి రిక్వెస్ట్ నంబరు తీసుకోండి. మోడెమ్ తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు రాసిన రసీదు లేకుండా ఇవ్వొద్దు. రసీదు లేదంటే ఆ కుర్రాడి చేతిలో మోడెమ్ పెట్టి ఫొటో తీసుకుని, ఆ ఫొటోను అప్పుడే ఆపరేటర్‌కు వాట్సాప్ చేయండి. యూపీఐ ఆటోపేలో ఆ కంపెనీ పేరు వెతికి రద్దు చేయండి, బ్యాంకు కార్డు మీద పెట్టి ఉంటే అదీ.

డిపాజిట్ కట్టి ఉంటే, కనెక్షన్ మూసిన 45 రోజుల్లోగా అది తిరిగి రావాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. రాకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, నంబరు ఇవ్వకుండా "చూస్తాం సార్" అంటే ఫిర్యాదు నమోదు కానట్టే. గడువులోగా తేలకపోతే ముప్పై రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి, ఖర్చు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అదీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. టెలిఫోన్ తగాదాలు అక్కడ నడవవని ఎవరైనా అంటే నమ్మకండి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని వినే అధికారం కమిషన్లకు ఉందని తేల్చింది. ఐదు లక్షల్లోపు విలువకు దాఖలు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. వెళ్లేటప్పుడు రిక్వెస్ట్ నంబరు, మోడెమ్ రసీదు, ఆఖరి బిల్లు, డిపాజిట్ కట్టిన రోజు బ్యాంకు స్టేట్‌మెంటు, నాలుగింటికీ జిరాక్సులు తీయించుకుని పోండి.